ల్యాప్‌టాప్ అందింది, నీ ఫోనే రాలేదు

చి. శ్రీకాంత్‌కి,

అమ్మ ఆశీస్సులు. ఇక్కడ అందరం క్షేమం. నువ్వు పంపిన ల్యాప్‌టాప్ పద్మ వాళ్ల అల్లుడు తెచ్చి ఇచ్చాడు. పెట్టె ఎక్కడా నలగలేదు. చార్జరుకు అమెరికా పిన్నులు ఉంటాయని తెలుసు కాబట్టి అడాప్టర్ ముందే తెప్పించి పెట్టాను. దసరాకి పంపిన గోంగూర పచ్చడి నీకు అందిందో లేదో ఒక్క ముక్క చెప్పలేదు. అందితే తడి చెంచా పెట్టకు, పైన నూనె తేలుతూ ఉండాలి.

ఫోన్ చేస్తే ఎత్తవు, తర్వాత ఎప్పుడో బొటనవేలి బొమ్మ ఒకటి పంపుతావు. సరే, పనుల్లో ఉంటావు. ఉత్తరమైతే తీరిగ్గా చదువుకుంటావని, నాకూ ఈ కొత్త సిస్టం మీద చెయ్యి కుదురుతుందని రాస్తున్నాను. అంతకు మించి విశేషమేమీ లేదు.

ముందు దీని సంగతులు. ఆన్ చేయగానే నా చెయ్యి ఎడమ వైపు కింది మూలకు పోయింది. అక్కడ స్టార్ట్ లేదు, ఎండ ఎంతుందో చూపిస్తోంది. ఎండ సంగతి నాకు గుమ్మంలోంచి కనపడదూ? స్టార్ట్ వెళ్లి మధ్యలో కూర్చుంది. ఇన్నేళ్లూ ఆ మూలకే పోయిన చెయ్యి ఒక్క రోజులో మారుతుందా? సెట్టింగ్స్‌లో పర్సనలైజేషన్, అందులో టాస్క్‌బార్, అందులో అలైన్‌మెంట్ అని ఉంటే లెఫ్ట్ చేసుకున్నాను. నువ్వు చెప్పకుండానే చేశాను, గుర్తుపెట్టుకో. మీ నాన్న బాధ అలా తీరేది కాదు. పెళ్లికార్డులు కూర్చే పేజీమేకర్‌లో పేజీ పొడుగంతా కనపడాలని ఆయన టాస్క్‌బార్‌ని, అదే ఆ కింది పట్టీని, పక్కన నిలువుగా పెట్టుకుంటారు కదా. విండోస్ 95 నుంచి 10 దాకా పట్టుకుని లాగితే నాలుగు వైపుల్లో ఎటైనా పోయేది. ఈ 11లో కింద నుంచి కదలనంటోంది. ఆ రోజంతా ఆయన దాని మొహం చూడలేదు.

దీనికి ఎంతయింది? పద్మ అల్లుణ్ణి అడిగితే నవ్వి ఊరుకున్నాడు. 10కి సపోర్టు 2025 అక్టోబర్ 14తో ఆపేశారని, మన పాతదాని ప్రాసెసర్‌కి 11 ఎక్కదని నువ్వు చెప్పిన మాట నిజమే. కానీ సెక్యూరిటీ అప్‌డేట్లు ఇంకో ఏడాది తీసుకునే దారి ఉందని పేపర్లో చదివాను. ఎక్స్‌పీకి 2014 ఏప్రిల్ 8న ఆపేస్తే, ఇంటర్నెట్ తీగ పీకేసి ఆ తర్వాత కూడా పెళ్లికార్డులు వేసుకోలేదా మనం? అవసరం లేని ఖర్చు ఇప్పుడెందుకు పెట్టావని నా బాధ. ఇప్పుడు అన్నానని వేరే అర్థాలు తియ్యకు.

నరసరావుపేట పెళ్లికి వెళ్లొచ్చాం. భోజనాల దగ్గర రాజ్యం పిన్ని నలుగురిలో, "మీ వాడి కంపెనీలో మనుషుల్ని తీసేస్తున్నారటగా" అంది. నాకు తెలిసి అలాంటిదేం లేదన్నాను. వాళ్ల వాడికి ఎవరో చెప్పారట. ఆవిడ మాటలు మనకు కొత్తా, బుజ్జి పెళ్లప్పుడు ఏం చేసిందో చూశాం. పూతరేకులు మాత్రం బాగున్నాయి.

కొత్తదాన్ని చూస్తుంటే పాతవన్నీ వరసగా గుర్తొస్తున్నాయి. నేను కోర్సు నేర్చుకున్నప్పుడు విండోస్ 3.1. స్టార్టూ లేదు, కింద పట్టీ లేదు, ప్రోగ్రామ్ మేనేజర్ అని ఒకటి ఉండేది. దేన్నైనా మినిమైజ్ చేస్తే బొమ్మగా మారి స్క్రీన్ అడుగుకు పోయేది. దాని మీద ఇంకో విండో పడితే అది తెరిచి ఉందన్న సంగతే మర్చిపోయి మళ్లీ అదే ప్రోగ్రామ్ తెరిచేవాళ్లం. 95లో టాస్క్‌బార్ వచ్చాక తెరిచిందల్లా పేరుతో సహా కింద కనపడేది. స్టార్ట్ బటన్ మీద వాళ్లు ముందు సిస్టం అని రాశారట. జనాన్ని కూర్చోబెట్టి చూస్తే ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక చూస్తూ కూర్చున్నారట. అప్పుడు స్టార్ట్ అని మార్చారు. మన షాపుకి వచ్చేవాళ్లు మాత్రం, ఆపడానికి స్టార్ట్ నొక్కడమేంటమ్మా అనేవాళ్లు. నేనేం చెప్తాను, అమెరికా వాళ్ల లెక్క అనేదాన్ని.

ఎక్స్‌పీ 2001లో వచ్చింది, మన షాపుకి రావడానికి చాలా కాలం పట్టింది. నీలం పట్టీ, ఆకుపచ్చ స్టార్ట్. మీ నాన్న ఆ రంగులు చూడలేక క్లాసిక్ థీమ్ పెట్టుకుని మళ్లీ బూడిద రంగులోకి తెచ్చుకున్నారు. నాకు ఎక్స్‌పీ తెరవగానే వెనక కనపడే ఆ పచ్చ కొండ బొమ్మ ఇష్టం. ఇది ఏ ఊరమ్మా అని అందరూ అడిగేవాళ్లు, అరకు అని ఒకాయన పందెం కూడా కాశాడు. అది మీ కాలిఫోర్నియాలోదే. సోనోమా కౌంటీలో చార్లెస్ ఓరియర్ అనే ఫొటోగ్రాఫర్ 1996లో కారులో పోతూ దారిలో ఆగి తీశాడు. పురుగు పట్టి ద్రాక్షతోట తీసేసిన కాలం కాబట్టి గడ్డితో అంత నున్నగా కనపడింది, తర్వాత మళ్లీ ద్రాక్ష వేశారట. మీ ఊరి నుంచి కారులో పోయి రావచ్చని నువ్వే అన్నావు ఒకసారి. తీరిక ఉంటే వెళ్లిరా. తీరిక ఉందని నేను అనడం లేదు.

ఏ సిస్టంలో తెరిచినా తెలుగు తెలుగులాగే కనపడే యూనికోడ్ కూడా విండోస్‌లోకి ఎక్స్‌పీతోనే, గౌతమి ఫాంట్‌తో వచ్చింది. మనకది అక్కరకు రాలేదు, మన పనంతా అను ఫాంట్లలో. అవి తెలుగు అక్షరాల్ని ఇంగ్లీషు అక్షరాల చోట్లో కూర్చోబెడతాయి కాబట్టి ఫాంట్ లేని సిస్టంలో పెళ్లికార్డు తెరిస్తే వధూవరుల పేర్లు పిచ్చి గీతలయ్యేవి. ఇప్పుడు అందరూ మ్యాటర్ వాట్సాప్‌లో పంపుతున్నారు, అది యూనికోడ్ కాబట్టి పేజీమేకర్‌లోకి దిగదు, నేను మళ్లీ మొదట్నుంచీ కొట్టుకోవాలి. ఇందులో గౌతమి దానంతట అది రాలేదు, ఆప్షనల్ ఫీచర్స్‌లోకి వెళ్లి తెచ్చుకోవాలి. నీ కీబోర్డు మీద రూపాయి గుర్తు కూడా లేదు. ఇండియా ఇంగ్లీషు పెట్టుకుని కంట్రోల్, ఆల్ట్ పట్టుకుని 4 నొక్కితే వచ్చింది.

అన్నట్టు, కొలకలూరు లెక్కల మాస్టారు కార్తీక సోమవారం గుళ్లో కనిపించి నిన్ను అడిగారు. ఆయన ల్యాప్‌టాప్ గొడవ గుర్తుందా? 2013 వేసవిలో రిటైరై కొనుక్కున్నారు, విండోస్ 8ది. కుంకుమ బొట్టు పెట్టి తువ్వాలులో చుట్టి ఆటోలో తెచ్చారు. అది ఆగడం లేదని కంప్లయింట్. వైరు పీకితే బ్యాటరీ మీద నడుస్తోంది, మూత వేస్తే నిద్రపోయి తెరవగానే మళ్లీ లేస్తోంది. రాత్రంతా బీరువాలో పెట్టి తాళం వేశారట పాపం. మీ నాన్న తీసుకుని చూస్తే ఎడమ మూలలో స్టార్టే లేదు. 2012 అక్టోబరులో 8 వదిలినప్పుడు 17 ఏళ్లుగా ఉన్న బటన్‌ని తీసేశారు కదా. ట్యాబ్లెట్ల కాలం వచ్చింది, జనం ఇక వేలితో నొక్కుతారని స్క్రీనంతా రంగురంగుల పలకలు చేశారు. మాస్టారిదానికి టచ్చే లేదు. మీ నాన్న ఒకటి నొక్కితే పలకలు, ఇంకోటి నొక్కితే డెస్క్‌టాప్, మళ్లీ పలకలు. జిరాక్స్ కోసం వచ్చినవాళ్లంతా మూగారు. ఒకరు బ్యాటరీ ఊడదియ్యమన్నారు. డెస్క్‌టాప్ మీదకి వచ్చి ఆల్ట్ ఎఫ్4 కొట్టమన్న కుర్రాడి మాట ఎవరూ వినలేదు, నిజానికి అది పనిచేసేదే. మాస్టారికి కోపం వచ్చి, "ఇది కంప్యూటరా, పరిచిన పేకముక్కలా" అని అరిచారు. అప్పుడే నువ్వు క్యారియర్ పట్టుకుని వచ్చావు. అది కింద పెట్టకుండానే రెండో చేత్తో మౌస్‌ని కుడి మూలకు తోశావు, పక్కనుంచి నల్ల పట్టీ ఒకటి జారుకుంటూ వచ్చింది. అందులో సెట్టింగ్స్, అందులో పవర్, అందులో షట్‌డౌన్. ఎవరు చెప్పారురా అంటే, "ఎవరూ చెప్పలేదండీ, అందరూ ఎడమ వైపే వెతుకుతున్నారని కుడి వైపు చూశా" అన్నావు. మాస్టారు మళ్లీ ఆన్ చేయించి, మళ్లీ ఆపించి, నంబర్లు వేసి కాగితం మీద రాసుకుని ల్యాప్‌టాప్ అడుగున అంటించుకున్నారు. ఆ ఏడు అక్టోబరులోనే 8.1 వచ్చింది, బటన్ తిరిగి పెట్టారు. నొక్కితే ఆ పలకలే వచ్చేవి గానీ రైట్ క్లిక్ చేస్తే షట్‌డౌన్ ఉండేది. "దిగొచ్చారమ్మా" అని చెప్పడానికి మాస్టారు పనిగట్టుకుని షాపు దాకా వచ్చారు. స్టార్ట్ మెనూ మళ్లీ మెనూలా కనపడింది 2015లో, 10తోనే. మీ నాన్న లెక్కలో అదీ మెనూ కాదు, ఆయనకి విండోస్ 2009లో 7తో ఆగిపోయింది.

ఆ 8ని నడిపించిన స్టీవెన్ సినోఫ్‌స్కీ అనే పెద్దమనిషి అది వచ్చిన కొద్ది వారాలకే కంపెనీ వదిలి వెళ్లిపోయాడు. అంతంత వాళ్లే ఉన్నట్టుండి బయటికి వస్తుంటారు, మళ్లీ ఇంకేదో చేసుకుంటారు. అంత పెద్ద కంపెనీ ప్రపంచం ముందు పెట్టినదాన్ని ఏడాదిలో సవరించుకుంది, పరువేమీ పోలేదు. మన పిల్లలే, ఇంట్లో ఒక మాట చెప్పడానికి సిగ్గుపడి గది తలుపు వేసుకుంటారు. ఉపన్యాసం వద్దనుకునే మొదలుపెట్టాను గానీ విను. టైముకి తిను. ఆ నూడుల్స్ మానెయ్యి. ఏ కన్సల్టెన్సీ వాళ్లయినా ముందు డబ్బు కట్టమంటే కట్టకు. ఎవరికీ ఏదీ కొనకు, మాకు అసలే కొనకు. మీ అర్ధరాత్రి దాటాక కూడా ఆన్‌లైన్‌లో ఉంటున్నావని బుజ్జి చెప్పింది. పొద్దున ఆఫీసుకి వెళ్లేవాడు ఆ వేళకి పడుకోవాలి కదా.

ఈ 11లో ఇంకో చోద్యం, ఫైలు మీద రైట్ క్లిక్ చేస్తే పొట్టి మెనూ వస్తుంది. కట్, కాపీ బొమ్మలైపోయాయి. మొదట్లో వాటికి పేర్లు కూడా ఉండేవి కావట, తర్వాత పెట్టారు. నాకు కావాల్సినవేమో షో మోర్ ఆప్షన్స్ నొక్కితే గానీ రావు, నొక్కగానే పాత మెనూ ఉన్నదున్నట్టు దిగుతుంది. షిఫ్ట్ ఎఫ్10 కొడితే నేరుగా వస్తుంది. కంట్రోల్ ప్యానెల్ కూడా లోపల అలాగే ఉంది, రన్‌లో కంట్రోల్ అని కొడితే చాలు. అది చూపించాక మీ నాన్న కాస్త తేరుకున్నారు.

నోట్‌ప్యాడ్ మాత్రం నాకు నచ్చలేదు. పాతది మూసేటప్పుడు సేవ్ చెయ్యనా అని అడిగేది, వద్దంటే పారేసేది. ఈ కొత్తది అడగకుండా దాచుకుంటుంది. నిన్న రాత్రి నీకు వేరే ఉత్తరం రాసి, వద్దులే అని మూసేశాను. పొద్దున షాపులో తెరిస్తే ముందు అదే కనపడింది, పక్కనే మీ నాన్న. గబుక్కున ఇంకో ట్యాబ్ తెరిచి సరుకుల లిస్టు కొట్టడం మొదలుపెట్టాను. ఆయన చదివారో లేదో తెలియదు. మధ్యాహ్నం అన్నం తింటూ, వాడు బానే ఉన్నాడా అని మాత్రం అడిగారు. బానే ఉన్నాడు, బొమ్మ పంపాడు అన్నాను.

ఆ ఉత్తరంలో ఉన్నది ఇదే. రాజ్యం పిన్ని అన్నది నిజమా? అక్కడ ఉద్యోగం పోతే 60 రోజుల్లోపు ఇంకో కంపెనీ వాళ్లు వీసా కాగితాలు వెయ్యాలని పద్మ అల్లుడు చెప్పాడు. నేను అడక్కుండానే చెప్పాడు, అందుకే నా అనుమానం గట్టిపడింది. ఆ 60 రోజుల లెక్క నీకు మొదలైందా? ఏ రోజు నుంచి? ఈ ల్యాప్‌టాప్ అంతకు ముందు కొన్నావా, తర్వాత కొన్నావా?

నాన్నకి బీపీ అని దాచకు, ఆయనకి ఎలా చెప్పాలో నేను చూసుకుంటాను. ఆదివారం మాకు రాత్రి 9 గంటలకు చెయ్యి, ఆయన మేడ మీద నడుస్తుంటారు. నీకు పొద్దున 7.30 అవుతుంది, సెలవని పడుకోకు. వీడియో ఇష్టం లేకపోతే మామూలు కాలే చెయ్యి. పోస్టాఫీసులో నా పేరున ఉన్నది మార్చిలో చేతికొస్తుంది, ఆ సంగతి బుజ్జికి చెప్పకు. ముందు గదిలో పేపరు రీములు పక్కకి జరిపిస్తే మంచం పడుతుంది. ఎవరెంత తొందరపెట్టినా ఆ కారు మాత్రం తక్కువకి అమ్మెయ్యకు, వచ్చిన రేటు ముందు నాకు చెప్పు.

అమ్మ