మా అమ్మాయి తరఫున మాట్లాడిన డాక్టరు గారికి కృతజ్ఞతలు

పిల్లల వైద్య విభాగంలో పనిచేస్తున్న ఒక యువ వైద్యురాలికి నలుగురి ఎదుటా కృతజ్ఞతలు చెప్పుకోవడానికి ఇది రాస్తున్నాను. తన పేరు రాయవద్దని ఆమే కోరారు కనుక రాయడం లేదు. అయితే ఆమె చేసిన పనిని మాత్రం వివరంగానే చెప్పాలి. ప్రాణం నిలిపిన వైద్యులకు చేతులెత్తి మొక్కడం అందరమూ చేసేదే. ప్రాణగండం గడిచిన తర్వాత మా పిల్ల కోసం ఆమె పడిన శ్రమ మాత్రం ఏ కేస్ షీటులోనూ కనిపించదు.

మా అమ్మాయికి టైప్ 1 మధుమేహం, అంటే చక్కెరను వాడుకోవడానికి కావలసిన ఇన్సులిన్ ఒంట్లో తయారుకాని షుగరు జబ్బు. చాలామంది పిల్లల్లో బయటపడినట్టే మా ఇంట్లోనూ బయటపడింది. తీరని దాహం, మాటిమాటికీ మూత్రానికి వెళ్లడం, తిన్నా చిక్కిపోవడం, ఏనాడో మానేసిన పక్క తడపడం మళ్లీ మొదలవడం, చివరికి వాంతులు, కడుపునొప్పి, ఆయాసం. వాంతులు చూస్తే అజీర్తి అనిపిస్తుంది, ఆయాసం చూస్తే నెమ్ము అనిపిస్తుంది. మేము మొదట చూపించిన చోట అలాగే అనుకుని మందులిచ్చి పంపారు. అత్యవసర విభాగంలో రాత్రి డ్యూటీలో ఉన్న ఈ డాక్టరు గారు పాప ఊపిరి మరీ లోతుగా, బరువుగా సాగుతుండడం గమనించి, మిగతా ప్రశ్నలన్నీ పక్కన పెట్టి ముందు వేలి కొస నుంచి ఒక్క చుక్క రక్తం తీసి చూశారు. చక్కెర కొలిచే మీటరులో అంకె రాలేదు, ‘హై’ అని మాత్రమే వచ్చింది.

దాన్ని డయాబెటిక్ కీటోయాసిడోసిస్ అంటారని ఆ రాత్రే తెలిసింది. ఇన్సులిన్ లేక చక్కెరను వాడుకోలేని శరీరం కొవ్వును కరిగించుకుంటుంది, అప్పుడు పుట్టే కీటోన్లు రక్తంలో ఆమ్లాన్ని పెంచుతాయి. చికిత్సలో తొందర పనికిరాదు. సెలైన్, ఇన్సులిన్, పొటాషియం లెక్క ప్రకారం ఎక్కాలి, చక్కెర మెల్లగా దిగాలి, అరుదుగానైనా మెదడు వాచే ప్రమాదం ఉంటుంది కనుక స్పృహ ఎలా ఉందో గంటగంటకూ చూడాలి. అలా చూడవలసిన ప్రతిసారీ ఆమె పాపను పేరు పెట్టి పిలిచి, ఏదో ఒక చిన్న ప్రశ్న వేసి, మగతలోంచి జవాబు వచ్చేదాకా ఓపికగా వేచి ఉండి, వచ్చాక “థాంక్యూ తల్లీ” అనేవారు. రెండో సూది గుచ్చవలసి వచ్చినప్పుడు పెద్ద డాక్టరు గారు నన్ను బయటకు వెళ్లమన్నారు. అప్పుడు ఆమె తన పై డాక్టరుతో వినయంగానే, కానీ వెనక్కి తగ్గకుండా మాట్లాడారు. తల్లి చెయ్యి పట్టుకుని ఉంటే పిల్ల కదలదని, నరం ఒక్కసారికే దొరుకుతుందని చెప్పి ఒప్పించారు. ఆ పెద్ద డాక్టరు గారు కూడా ఆ మాట మన్నించారు, వారికీ నా నమస్కారాలు.

జబ్బు గురించి చెప్పవలసిన రోజున ఆమె మంచం పక్కన కుర్చీ వేసుకుని, మా వైపు కాకుండా పాప వైపు తిరిగి కూర్చున్నారు. ఇది స్వీట్లు తిన్నందువల్ల వచ్చింది కాదని, ఒంటిని కాపాడవలసిన రక్షణ వ్యవస్థే పొరపాటున ఇన్సులిన్ తయారుచేసే కణాలను దెబ్బతీసిందని, ఇందులో తన తప్పు గానీ అమ్మానాన్నల తప్పు గానీ లేదని పిల్లకు అర్థమయ్యే మాటల్లో చెప్పారు. చూడవచ్చిన బంధువుల మాటలు వింటూ పాప లోలోపల ఎంత కుమిలిపోయిందో, ఆ మాట విన్నాక అది ఏడ్చిన ఏడుపుతో గానీ మాకు తెలియలేదు. ఇన్సులిన్ సూది చూసి భయపడితే, పెన్ను సూదితో తన పొట్ట మీద తానే గుచ్చుకుని చూపించారు. మొట్టమొదట ఇన్సులిన్ తీసుకున్నది కూడా ఒక పిల్లవాడేనని, 1922 జనవరిలో టొరంటోలో పద్నాలుగేళ్ల లియొనార్డ్ థాంప్సన్‌కు ఇచ్చిన మొదటి మోతాదు సరిగా పనిచేయకపోతే, మందును మరింత శుద్ధి చేసి కొద్ది రోజులకే మళ్లీ ఇచ్చారని, అంతకు ముందు ఈ జబ్బు వచ్చిన పిల్లలు బతికేవారు కాదని చెప్పారు. ఇన్సులిన్ మాన్పించి వేరే వైద్యం చూడమని సలహా ఇచ్చిన మా పెద్దవారొకరు ఆ కథ విన్నాక మళ్లీ ఆ మాట ఎత్తలేదు. ఆయన్ను ఆమె పల్లెత్తు మాట అనలేదు.

1989లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన బాలల హక్కుల ఒడంబడికలోని 12వ అధికరణం, తమకు సంబంధించిన విషయాల్లో అభిప్రాయం చెప్పే హక్కు పిల్లలకు ఉందంటుంది. ఆ హక్కు ఒక వార్డులో, ఒక మంచం దగ్గర ఎలా అమలవుతుందో నేను కళ్లారా చూశాను. సూది ఏ చేతికి ముందు వెయ్యాలో, బడిలో ఎవరికి చెప్పాలో, ఎవరికి చెప్పకూడదో, అన్నీ ముందు పాపనే అడిగారు.

బడి విషయంలోనే అసలు కష్టం ఎదురైంది. తరగతిలో సూది వేసుకోవడానికి వీల్లేదని, ఏదైనా జరిగితే బాధ్యత వహించలేమని, కొన్నాళ్లు ఇంట్లోనే ఉంచుకోమని అన్నారు. వాళ్లది భయమే తప్ప ద్వేషం కాదని ఇప్పుడు నాకు తెలుసు గానీ, ఆ రోజు కాళ్ల కింద భూమి కదిలిపోయినట్టయింది. సంగతి విన్న డాక్టరు గారు తానే ఒక ఉత్తరం రాశారు. రక్తంలో చక్కెర 70 (mg/dL) కంటే తగ్గితే వెంటనే 15 గ్రాముల గ్లూకోజ్ ఇచ్చి 15 నిమిషాల తర్వాత మళ్లీ పరీక్షించాలి, ఆ స్థితిలో పిల్లను ఒంటరిగా ఎక్కడికీ పంపకూడదు, స్పృహ తప్పితే నోట్లో ఏమీ పోయకుండా పక్కకు తిప్పి పడుకోబెట్టి, చక్కెరను పెంచే గ్లూకగాన్ అనే మందు ఇవ్వాలి, నీళ్లకూ మూత్రానికీ అడిగిన వెంటనే పంపాలి, పరీక్ష హాల్లోకి మీటరును అనుమతించాలి. ఇవన్నీ వైద్య పరిభాష లేకుండా ఒక్క పేజీలో రాసి, దానితో సరిపెట్టుకోకుండా తన సెలవు రోజున స్వయంగా బడికి వచ్చి ఉపాధ్యాయులతో కూర్చున్నారు. వాళ్లు అడిగిన సందేహాల్లో ఒక్కటి కూడా ఆమె తేలిగ్గా తీసుకోలేదు. గ్లూకగాన్ ఎలా ఇవ్వాలో అక్కడి టీచర్లలో ఇద్దరు నేర్చుకున్నారు. మా అమ్మాయి మళ్లీ తన బెంచీలో కూర్చుంది.

ఆస్పత్రులు నడిపే పెద్దలకు ఒక విన్నపం. బడికి ఉత్తరం రాయడం, ఫోనులో అరగంట మాట్లాడడం, భయపడిన ఉపాధ్యాయులకు నచ్చజెప్పడం ఇవాళ చిన్న డాక్టర్లు తమ నిద్రనూ సెలవునూ తగ్గించుకుని చేస్తున్నారు. ఇన్సులిన్ రాసివ్వడం వైద్యమైతే, ఆ ఇన్సులిన్‌ను పిల్ల బడిలో నిశ్చింతగా వేసుకునేలా చూడడమూ వైద్యమే. దానికి డ్యూటీలోనే సమయం కేటాయించాలి.

డాక్టరు గారూ, మీరు రాసిన ఉత్తరాన్ని ఈ ఏడు కొత్త క్లాస్ టీచరుకు ఇచ్చాము. చదివి వినిపించింది అమ్మాయే, మధ్యలో టీచరు అడిగిన వాటికి జవాబు చెప్పిందీ తనే. మీకూ, ఆ రాత్రి మీతో పాటు నిలబడిన నర్సులందరికీ మా ఇంటిల్లిపాది తరఫున నమస్కారాలు.