పాత కంప్యూటర్ ఎవరికీ ఇవ్వకండి

నాన్నగారికి,

నమస్కారం. నేను ఇక్కడ బాగానే ఉన్నాను. ఉద్యోగం మామూలే, పని కాస్త ఎక్కువ, అంతే. మొన్న ఫోన్లో మీ గొంతు విన్న దగ్గర్నుంచి నాకు మనసు మనసులో లేదు.

ముందు అసలు మాట. పాత కంప్యూటర్ ఎవరికీ ఇవ్వకండి. దాంట్లో విండోస్ మళ్లీ వేయనివ్వకండి. తమ్ముడు వచ్చేదాకా ఆన్ కూడా చేయొద్దు. పుస్తకాల మీద అమ్మ చెప్పిన నోట్స్ దాంట్లోనే ఉన్నాయని నా గట్టి నమ్మకం.

మీ పుస్తకాల జాబితా కొత్త కంప్యూటర్లో తెరుచుకోకపోయేసరికి, మీరేదో తప్పు మీట నొక్కారని బాధపడుతున్నారు. కాదు నాన్నా. కొత్త కంప్యూటర్లో ఉన్నది 64 బిట్ విండోస్. మీరు జాబితా రాసుకున్న ఫాక్స్‌ప్రో 2.6 అనే డేటాబేస్ ప్రోగ్రాం, విండోస్‌కి ముందు వాడిన డాస్ నాటిది, 16 బిట్‌ది. అలాంటివి నడిపే ఏర్పాటు 64 బిట్ విండోస్‌లో లేదు. మీరు రాత్రంతా కూర్చుని, పాత ప్రోగ్రాంల కోసం ఉండే కంపాటిబిలిటీ మోడ్ మార్చి చూశారట, ఈ విషయంలో దానివల్ల ఉపయోగం లేదు. అందుకే తమ్ముడితో డాస్‌బాక్స్ పెట్టించాను. అది డాస్ కంప్యూటర్‌లా నడుచుకుంటుంది కాబట్టి ప్రోగ్రాం తెరుచుకుంది. కాకపోతే అది ఆటల కోసం చేసింది, ప్రింటింగ్ రాదు. కొన్నాళ్లు ప్రింట్ అడక్కండి.

తెరుచుకున్నాక వచ్చిందే, మెమో ఫైల్ మిస్సింగ్ అని, అదీ నన్ను కంగారు పెట్టింది. మీ ఫైలు మెయిల్లో తెప్పించుకుని, ఆఫీసు నుంచి రాగానే నోట్‌ప్యాడ్‌లో తెరిచాను. మొదట్లో పిచ్చి గుర్తులు. తర్వాత పుస్తకాల పేర్లన్నీ వరసగా కనబడ్డాయి. 412వ పుస్తకం దగ్గర ఆగాను. పేరు ఉంది, రచయిత ఉన్నారు, కొన్న తేదీ 19960714 అని ఎనిమిది అంకెలుగా ఉంది. నోట్ ఉండాల్సిన చోట మాత్రం ఖాళీలు, వాటి చివర 1187 అనే అంకె. ఇంకేమీ లేదు. చాలాసేపు దాన్నే చూస్తూ ఉండిపోయాను.

ఆ అంకె అడ్రసు నాన్నా. రాసిన మాటలు డీబీఎఫ్‌లో, అంటే నేను తెరిచిన ఆ జాబితా ఫైల్లో, ఉండవు, అదే పేరుతో ఎఫ్‌పీటీ అని ఇంకో ఫైలు ఉంటుంది, అందులో ఉంటాయి. డీబీఎఫ్‌లో ఉండేది అవి ఎక్కడున్నాయో చెప్పే అంకె మాత్రమే. తమ్ముడు పెన్ డ్రైవ్‌లోకి డీబీఎఫ్‌లు మాత్రమే ఎక్కించాడు. వాణ్ణి ఏమీ అనకండి, ఫైలు పేరు చూస్తే ఎవరైనా అదొక్కటే డేటా అనుకుంటారు. సీడీఎక్స్ కూడా తేలేదు, దానికి భయం లేదు. అది ఇండెక్స్, మళ్లీ తయారు చేసుకోవచ్చు. ఎఫ్‌పీటీ పోతే మాత్రం దాన్ని మళ్లీ పుట్టించడం ఏ ప్రోగ్రాం వల్లా కాదు.

ఎవరో రిపేర్ టూల్ ఇస్తానన్నారట, వద్దు. అలాంటివి కొన్ని ఖాళీ మెమో ఫైలు పెట్టి ఎర్రర్ రాకుండా చేస్తాయి. ఎర్రర్ పోతుంది కానీ మాటలు రావు. పైగా ఆ అంకెలు కూడా చెరిగిపోతే రేపు అసలు ఫైలు దొరికినా ఏ మాట ఏ పుస్తకానిదో ఎలా తెలుస్తుంది?

మీ మోకాలికి మాత్రలు వేసుకుంటున్నారా? కంప్యూటర్ ముందు అంతంతసేపు కూర్చోకండి. నేను నిద్ర మానుకుని ఇవి చూస్తున్నానని అత్తయ్య దగ్గర అన్నారట. మానుకోలేదు. నాకిష్టమై చూస్తున్నాను.

ఇంకోటి. ఆ రోజు ఫోన్లో "ఆ పాతదాన్ని వదిలేసి ఎక్సెల్‌లో పెట్టుకోండి" అని కసిరాను. తప్పు నాది. ఫాక్స్‌ప్రోకి కాలం చెల్లిందన్న మాట నిజమే, చివరి విజువల్ ఫాక్స్‌ప్రోకి కూడా 2015లోనే సపోర్ట్ ఆపేశారు. కానీ అమ్మ పడుకుని చెబుతుంటే, మీరు ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు టైప్ చేసిన మాటలవి. నేను ఆ ఊసే ఎత్తకుండా సాఫ్ట్‌వేర్ గురించి మాట్లాడాను.

తమ్ముడు శనివారం వస్తాడు. పాత కంప్యూటర్లోంచి హార్డ్ డిస్కు తీసి, యూఎస్‌బీ అడాప్టర్‌తో కొత్తదానికి తగిలిస్తాడు. మీ ఫోల్డర్ మొత్తం, ఒక్క ఫైలూ వదలకుండా కాపీ చేయమనండి. తెరవకముందే ఆ ఫోల్డర్‌కి ఇంకో రెండు కాపీలు తీసి, ఒకటి నాకు పంపమనండి. డీబీఎఫ్ లిబ్రెఆఫీస్ అనే ఉచిత ఆఫీస్ ప్రోగ్రాంలో కూడా తెరుచుకుంటుంది, చూడండి గానీ సేవ్ మాత్రం కొట్టకండి.

అన్నీ సరిగ్గా వస్తే మొదట 412 తెరవండి. నేను లేకుండా చదవకండి నాన్నా. అప్పుడిక్కడ ఏ టైమైనా పర్లేదు, ఫోన్ చేయండి. మీరు చదివితే వింటాను.

మీ అమ్మాయి