చారిటీ నడకకు గ్రౌండ్ చుట్టూ తిరిగితే చాలదు

సంపాదకులకు నమస్కారం.

ఈ మధ్య మన జిల్లా నుంచి కుర్రాళ్లు, ఉద్యోగులు బెంగళూరు వైపు జరిగే చారిటీ నడకలకు పేర్లు ఇస్తున్నారు, సంతోషమే. కానీ వాళ్ల ప్రాక్టీసు చూస్తే నాకు టెన్షన్ వస్తోంది. పొద్దున్నే కాలేజీ గ్రౌండ్ చుట్టూ నాలుగు రౌండ్లు, ఫోన్లో అడుగుల లెక్క, తర్వాత ఉగ్గాని బజ్జీ, అంతటితో సరి. తీరా అక్కడ నడవాల్సింది గ్రౌండ్ మీద కాదు, కొండల్లో.

తెలియనివాళ్ల కోసం చెప్తున్నా. 1981లో హాంకాంగ్‌లో గూర్ఖా సైనికులు శిక్షణ కోసం మొదలుపెట్టిన ‘ట్రైల్‌వాకర్’ అనే నడక ఇది. తర్వాత పేదల కోసం పనిచేసే ఆక్స్‌ఫామ్ సంస్థ చేరి దాన్ని విరాళాల కార్యక్రమంగా నడిపింది. నలుగురు ఒక టీం, 100 కిలోమీటర్లు, 48 గంటలు. తెలిసినవాళ్లు ఆ టీం పేరున డబ్బులిస్తే అవి సేవకు పోతాయి. గంటకు రెండు కిలోమీటర్లే కదా, మా అవ్వ కూడా నడుస్తుంది అని నవ్వేవాళ్లను చూశాను. తిండీ, కునుకూ, కాలి బొబ్బలకు ప్లాస్టర్లు వేసుకోవడం, చీకట్లో దారి వెతుక్కోవడం అన్నీ ఆ 48 గంటల్లోనే అయిపోవాలి, పైగా ఒకరు కుంటితే మిగతా ముగ్గురూ ఆగాల్సిందే.

ఎక్కడానికి ఆయాసం వస్తుంది, కాసేపు నిలబడితే తగ్గుతుంది. అసలు చిక్కు దిగడంలో ఉంది. దిగేటప్పుడు తొడ ముందు కండరం ఒంటి బరువును ఆపుతూనే సాగాలి, అలా సాగినప్పుడు లోపలి పోగులు కొద్దికొద్దిగా దెబ్బతింటాయి, ఆ నొప్పి అప్పటికప్పుడు తెలియదు, మర్నాడు మెట్లు దిగబోతే తెలుస్తుంది. రెండు రోజుల నడకలో ఆ మర్నాడు వచ్చేసరికి ఇంకా బోలెడు దారి మిగిలి ఉంటుంది. అయితే ఒక మంచి సంగతి ఏమిటంటే, ముందే ఒకసారి కొండ దిగి నొప్పి పడ్డ కండరం ఆ తర్వాత కొన్ని వారాలపాటు అంతగా బాధపెట్టదు. చదును నేల మీద ఎన్ని రౌండ్లు కొట్టినా ఈ లాభం రాదు.

దీనికోసం ఎక్కడికో పోనక్కర్లేదు, మన గుత్తి కోట ఉంది, కింది నేల నుంచి సుమారు 300 మీటర్ల ఎత్తు. నైస్మిత్ అనే స్కాట్లండ్ ఆయన 1892లో కొండ నడకకు పట్టే సమయానికి ఒక లెక్క చెప్పాడు, 5 కిలోమీటర్లకు గంట, ప్రతి 600 మీటర్ల ఎక్కుడుకు ఇంకో గంట అని. ఆ లెక్కన కోట ఒకసారి ఎక్కితే చదునులో రెండున్నర కిలోమీటర్లు అదనంగా నడిచినంత పని. ఆదివారం పూట అసలు రోజు వేసుకునే బూట్లే వేసుకుని, మోసే సంచే తగిలించుకుని ఎక్కి దిగండి. దిగేటప్పుడు అంగలు చిన్నగా, మోకాలు కాస్త వంచి వేయాలి. కాలిగోళ్లు కత్తిరించుకోండి, లేకపోతే బూటు ముందుభాగానికి కొట్టుకుని నల్లబడతాయి. నూలు సాక్సు చెమటకు తడిసి బొబ్బలు తెస్తుంది, వేరే రకం చూసుకోండి. మర్నాడు ఆ అలిసిన కాళ్లతోనే మళ్లీ కొంచెం నడవండి, అసలు శిక్షణ అదే.

నీళ్లు మాత్రం పైన దొరుకుతాయని నమ్మొద్దు. 1776లో మరాఠా నాయకుడు మురారి రావు ఈ కోటను హైదర్ అలీకి వదులుకోవాల్సి వచ్చింది లోపల నీళ్లు అయిపోయే! ఉత్త నీళ్లే గంటలకొద్దీ తాగినా మంచిది కాదు, ఒంట్లో ఉప్పు పలచబడి తల తిరుగుతుంది, వాంతులవుతాయి, కాబట్టి ఉప్పు వేసిన మజ్జిగో ఓఆర్‌ఎస్సో ఉండాలి. మన ఎండల్లో మార్చి దాటాక తొమ్మిదింటికల్లా కిందికి దిగిపోవడం మేలు. కోటలోకి రాత్రిపూట పోనివ్వరు, చీకటి నడక అలవాటుకు నలుగురూ కలిసి లైట్లు పెట్టుకుని ఊరి రోడ్డు పట్టుకోండి.

డబ్బే ఇవ్వాలంటే ఇంట్లో కూర్చుని ఇవ్వొచ్చు కదా, ఈ నడక ఎందుకు అనే మాట నాకూ ఎదురైంది. ఏటా ఉగాదికి కన్నడ భక్తులు కర్నూలు మీదుగా, వెంకటాపురం, నాగలూటి, పెచ్చెరువు, కైలాసద్వారం దారిలో శ్రీశైలం నడిచిపోతుంటే దారి పొడవునా మనవాళ్లే నీళ్లిచ్చి అన్నం పెడతారు. స్వామి కోసం నడిస్తే భక్తి, బడి పిల్లల కోసం నడిస్తే పనిలేనితనమా? నడిచే మనిషిని చూస్తే ఇచ్చే చెయ్యి లేస్తుంది, అది మనకు కొత్త కాదు.

మీ పత్రికకు ఒక విన్నపం. ఇలాంటి నడకల వార్త వేసేటప్పుడు ఎన్ని కిలోమీటర్లో, ఎన్ని గంటలో వేస్తున్నారు. మొత్తం ఎన్ని మీటర్లు ఎక్కాలో, ఎన్ని దిగాలో కూడా నిర్వాహకులను అడిగి వేయండి. ఆ ఒక్క అంకె కనబడితే గ్రౌండ్ వదిలి కొండెక్కేవాళ్లు పెరుగుతారు.

ఇట్లు,
ఒక పాఠకుడు,
గుత్తి, అనంతపురం జిల్లా