బొగ్గుపొడి

అమ్మలూ,

నువ్వు చూడమన్న ఆ సినిమా, కెనడా ఉత్తరాన మంచులో ఉండే ఇనూయిట్లది, ‘అటనార్జువాట్’ రాత్రి చూశాను. దాదాపు మూడు గంటలు. ‘చూస్తుంటేనే చలేస్తోంది’ అంటూ మీ అమ్మ గంటకే పడుకుంది. ఎవరు ఎవరి కొడుకో మొదట్లో నాకూ అంతుపట్టలేదు. మనకోసం ఆగి విడమరిచి చెప్పే పని వాళ్లు పెట్టుకోలేదు. అదే నచ్చింది. హీరో ఒంటిమీద నూలుపోగు లేకుండా, ఉత్తకాళ్లతో, గడ్డకట్టిన సముద్రం మీద పరుగెడుతుంటే నేను మంచం మీద లేచి కూర్చున్నాను.

డైరెక్టర్ జకరియాస్ కునుక్ తను చెక్కిన రాతిబొమ్మలు అమ్మి 1981లో కెమెరా కొన్నాడని చెప్పావు కదా. వాళ్ల ఊరు ఇగ్లూలిక్ అయితే 1975లో ఒకసారి, 1979లో ఇంకోసారి ఓటేసి మరీ టీవీ వద్దందట, అందులో తమ భాష లేదని! మన ఊరికి టీవీ వచ్చినరోజు పంచాయతీ ఆఫీసు కిటికీ విరగ్గొట్టాం.

సరే, నువ్వు అడిగినదానికి వస్తాను. నువ్వు తీసే సినిమాలో కొండరెడ్ల అమ్మాయి వేషానికి మీ హైదరాబాద్ ఫ్రెండ్‌ని పెట్టుకోవచ్చా అన్నావు. షోకేసులో నా షీల్డు ఉంది చూడు, ఉత్తమ సహాయ నటుడు. అది నేను కొండదొర వేషం కట్టినందుకు ఇచ్చారు. బొగ్గుపొడి కొబ్బరినూనెలో కలిపి మొహానికి, చేతులకు పూసుకున్నాను. తలకు నెమలీక. మాటకు ముందొక ‘దొరా’, వెనకొక ‘దొరా’. జనం ఈలలు వేశారు. నాటకం అయ్యాక మా స్కూలు హాస్టల్లో ఉండే కొండరెడ్ల కుర్రాడొకడు వచ్చి, ‘మాస్టారూ, మా ఇంట్లో మాట్లాడేది కూడా తెలుగేనండి. మీరు మాట్లాడింది ఏ ఊరిది?’ అన్నాడు. వెటకారం కాదు, నిజంగానే అడిగాడు. నేను నవ్వేసి మొహం కడుక్కోవడానికి వెళ్లాను. చెవుల వెనక నలుపు రెండు రోజులు వదల్లేదు.

కునుక్ సినిమాకి కథ రాసిన పాల్ అపాక్ ముందు ఎనిమిదిమంది పెద్దవాళ్ల దగ్గర కూర్చుని విన్నాడట. పాపం, సినిమా పూర్తికాకముందే 1998లో పోయాడు. పాత కథలో హీరో పగ తీర్చుకుని చంపేస్తాడు. సినిమాలో చంపడు, దుర్మార్గుల్ని ఊరినుంచి వెళ్లగొడతారు. సొంత కథ కాబట్టి అంత ధైర్యంగా మార్చుకున్నారు. అదే పని నువ్వో నేనో చేసి ఉంటే నా నెమలీక లాగే ఉండేది.

ఆ హాస్టల్ కుర్రాడు ఇప్పుడు మారేడుమిల్లి వైపు టీచరు. నిన్న ఫోన్ చేసి నీ సంగతి చెప్పాను. వాళ్ల నాయనమ్మకు చాలా కథలు వచ్చట. పిల్లలు వేషాలు కూడా కడతారట. అంతా విని, ‘కెమెరా ఎవరు పట్టుకుంటారు మాస్టారూ?’ అన్నాడు. అమ్మాయిని అడిగి చెబుతానన్నాను.

శుక్రవారం సంత, ఆ రోజు మాత్రం రావద్దన్నాడు.

నాన్న