మన షాపులో ఇక బర్త్‌డే ప్యాక్ ఉండదు

అందరికీ నమస్తే. చెన్నై వడపళనిలో మన పుస్తకాల షాపుకి వచ్చేవాళ్లకీ, వాట్సాప్‌లో ఆర్డర్ పెట్టేవాళ్లకీ ఒక మాట చెప్పాలి. ఫ్రెండ్ పుట్టినరోజుకి ఇవ్వడానికని రెండేళ్లుగా అమ్ముతున్న గ్రాఫిక్ నవల (బొమ్మల్లో చెప్పే నవల) ప్యాక్‌ని ఈ నెల నుంచి ఆపేస్తున్నాను. ఒక పుస్తకం, బుక్‌మార్క్, రంగు కాగితం, మీ ఫ్రెండ్ పేరు రాసిన కార్డు, అన్నీ కలిపి 1,200 రూపాయలు. మీరు పేరూ అడ్రసూ పంపితే చాలు, పుస్తకం నేనే ఎంచి పెట్టేదాన్ని. మీకు పని తప్పేది, నాకు అమ్మకం సులువయ్యేది. తప్పు జరిగింది కూడా అక్కడే.

మొన్న వేసవిలో ఒకమ్మాయి తన రూమ్మేట్ కోసం ప్యాక్ అడిగితే నేను ‘మౌస్’ పెట్టాను. నాజీలు యూదుల్ని చంపిన ఆష్విట్జ్ శిబిరం నుంచి బతికి బయటపడ్డ తన తండ్రి కథని ఆర్ట్ స్పీగెల్‌మన్ బొమ్మల్లో చెప్పిన పుస్తకం అది. యూదుల్ని ఎలుకలుగా, జర్మన్లని పిల్లులుగా గీశాడు. 1992లో అమెరికాలో ఇచ్చే పులిట్జర్ ప్రత్యేక బహుమతి వచ్చింది. ఇంత పేరున్న పుస్తకం కాబట్టి ఎవరు అడిగినా ముందు నా చెయ్యి దాని మీదకే పోయేది. నాలుగు రోజులయ్యాక ఆ అమ్మాయి ఫోన్ చేసింది. కోపంగా ఏమీ మాట్లాడలేదు. “అక్కా, ఈ పుస్తకం మీరు చదివారా?” అని మాత్రం అడిగింది.

చదివాను, చాలా ఏళ్ల కిందట. అందులో ఒకచోట నాలుగు పేజీలు మిగతా పుస్తకంలా ఉండవు. ఎలుకల మొహాలు పోయి మనుషుల మొహాలు వస్తాయి, పేజీ అంచులు నల్లగా ఉంటాయి. రచయిత తల్లి 1968లో ఆత్మహత్య చేసుకుంది, ఆ నాలుగు పేజీలూ ఆ సంగతే. ఈ రూమ్మేట్‌కి అమ్మ పోయి ఏడాది కూడా కాలేదట. అక్కడిదాకా చదివి, పుస్తకం మూసి, బీరువా పైన పెట్టేసిందట.

ప్యాక్ కట్టేటప్పుడు నాకు ఆ పేజీలు గుర్తు లేవు. గుర్తున్నా ఆ రూమ్మేట్ ఇంటి సంగతి తెలియదు, ఎందుకంటే నేను ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. ‘మౌస్’ గొప్ప పుస్తకమే, ఇప్పటికీ అమ్ముతాను. ఎవరికి వెళుతోందో తెలియకుండా మాత్రం ఇక అమ్మను. డబ్బు వాపసు ఇచ్చి, ఫోన్‌లో క్షమాపణ చెప్పాను. ఇక్కడ కూడా చెబుతున్నాను.

“బొమ్మల పుస్తకమే కదా, ఏదో ఒకటి పెట్టండి” అని చాలామంది అంటారు. అలా అనుకోవడం సహజమే. ఇదే వడపళని నుంచి వచ్చిన చందమామ చదివి పెరిగినవాళ్లం మనం. 1947 జూలైలో మొదలైన ఆ పత్రికలో పేజీ పేజీకీ బొమ్మ ఉండేది. కానీ అక్కడ బొమ్మ తీసేసినా కథ మిగులుతుంది. గ్రాఫిక్ నవలలో బొమ్మ తీసేస్తే కథే ఉండదు. చదివేవాళ్లు మాటలతో పాటు మొహాలు, నీడలు, ఖాళీలు కూడా చదువుకోవాలి. కాబట్టి ఎవరు చదువుతారన్నది మామూలు నవల కంటే ఇక్కడ ఇంకా ముఖ్యం.

ఇకనుంచి మీరు అడిగితే నేను తిరిగి కొన్ని అడుగుతాను. మీ ఫ్రెండ్ ఈ మధ్య చివరిదాకా చదివిన పుస్తకం ఏది? ఇంగ్లీషు హాయిగా చదువుతారా, తడుముకుంటారా? ఈ ఏడాది వాళ్లింట్లో ఏమైనా జరిగిందా? ఈ చివరిది అడగడం నాకు ఇబ్బందిగానే ఉంటుంది. వివరాలేమీ వద్దు. “కొంచెం తేలికైంది ఇవ్వండి” అన్నా నాకు సరిపోతుంది.

ఇంగ్లీషు చదవడం కష్టమనే ఫ్రెండ్‌కి నేను ముందు చూపించేది షాన్ టాన్ 2006లో వేసిన ‘ది అరైవల్’. ఒక్క మాట కూడా ఉండదు. ఒకతను భార్యనీ కూతుర్నీ వదిలి పని కోసం సముద్రం దాటి వేరే ఊరికి పోతాడు. ఓడలో ఎన్నాళ్లు గడిచాయో చెప్పడానికి రెండు పేజీల నిండా చిన్న చిన్న గళ్లలో మేఘాలు గీశాడు, ఒక్కో గడిలో ఒక్కో రకం మబ్బు. దిగాక ఆ ఊళ్లో బోర్డుల మీద లిపి అతనికి తెలియదు. అది చిత్రకారుడు కల్పించిన లిపి కాబట్టి మనకీ తెలియదు. నేను ఒంగోలు నుంచి వచ్చిన కొత్తలో కోయంబేడులో బస్సు బోర్డు మీద తమిళం చదవలేక, నంబరు చూసి ఎక్కి, దిగాల్సిన చోటు దాటిపోయిన రోజులున్నాయి. ఉద్యోగానికి వేరే ఊరు పోయిన మీ ఫ్రెండ్‌కి ఈ పుస్తకం ఇవ్వండి. ఆ రూమ్మేట్ కూడా తర్వాత షాపుకి వచ్చి, గంటసేపు కూర్చుని చూసుకుని, దీన్నే తీసుకెళ్లింది.

ముగ్గులు వేసేవాళ్లకీ, బొమ్మలు గీసేవాళ్లకీ అయితే ‘భీమాయన’. అంబేద్కర్ జీవితాన్ని దుర్గాబాయి వ్యామ్, సుభాష్ వ్యామ్ గోండు గిరిజనుల బొమ్మల్లో గీశారు, 2011లో వచ్చింది. ఇందులో పేజీని డబ్బాలుగా కొయ్యలేదు. వాళ్ల ఇళ్ల గోడల మీద, నేల మీద వేసే దిగ్నా అనే అల్లికతోనే పేజీని విడదీశారు. మెత్తటి మాట పిట్ట ఆకారంలో ఉంటుంది. కుల విషం కక్కే మాటకి తేలు కొండి ఉంటుంది. నీళ్లు అడిగిన చిన్నప్పటి అంబేద్కర్‌కి వచ్చే జవాబు పక్కన ఆ కొండి చూశాక నాకు పేజీ తిప్పబుద్ధి కాలేదు.

రామాయణాన్ని ఆడవాళ్ల వైపు నుంచి చెప్పే ‘ఊర్మిళాదేవి నిద్ర’ పాట చిన్నప్పుడు అమ్మమ్మ నోట విన్నవాళ్లెవరైనా ఉంటే, మన తిరువాన్మియూర్‌లోని తారా బుక్స్ వేసిన ‘సీతాస్ రామాయణ’ చూడమంటాను. పొడవాటి పటాల మీద కథని బొమ్మలుగా చెప్పే బెంగాల్ పటచిత్రాలు గీసే మొయినా చిత్రకార్ బొమ్మలు, సీత నోట కథ.

ఇంకో తప్పు కూడా చెప్పేయాలి. ఇరాన్‌లో పెరిగిన మర్జానె సత్రాపి తన కథనే బొమ్మల్లో చెప్పిన ‘పర్సెపొలిస్’ ఇంగ్లీషులో రెండు భాగాలుగానూ, ఒకే పుస్తకంగానూ దొరుకుతుంది. మేం ఒకరికి రెండో భాగం ఒక్కటే పంపేశాం. అది ఇరాన్ వదిలిన మర్జానె వియన్నాలో అడుగుపెట్టిన దగ్గర మొదలవుతుంది. పాపం, ఆయన ముందు కథ తెలియకుండానే చదువుకున్నారు. ఇకమీదట ఒకే పుస్తకంగా ఉన్నదే స్టాక్ పెడతాను. మాంగా అనే జపాన్ బొమ్మల కథల పుస్తకాల్ని కుడి నుంచి ఎడమకి చదవాలి. బైండింగ్ తిరగబడిందని ఇద్దరు వెనక్కి పంపారు, అది ముందే చెప్పకపోవడం నా పొరపాటు. ఇప్పుడు లోపల తెలుగులో చీటీ పెడుతున్నాం. పది, ఇరవై భాగాలుండే సిరీస్‌లో మొదటిది ఒక్కటే గిఫ్ట్‌గా ఇవ్వకండి, మిగతా ఖర్చు మీ ఫ్రెండ్ నెత్తిన పడుతుంది.

ప్యాక్ ఆపడం వల్ల నాకు నష్టమే. నవంబరు నుంచి జనవరి దాకా షాపు అద్దె దాని మీదే వచ్చేది. ఒక్కొక్కరితో పావుగంట మాట్లాడి అమ్మితే రోజుకి అన్ని అమ్మలేను. అందుకే పుట్టినరోజుకి కనీసం ఐదు రోజుల ముందు చెప్పండి, ముందురోజు రాత్రి మెసేజ్ పెడితే నేను మళ్లీ కంగారులో ఏదో ఒకటి కట్టేస్తాను. గిఫ్ట్ కాగితానికి విడిగా డబ్బు తీసుకోను. పుట్టినరోజు అయ్యాక నెలలోపు, కాగితం విప్పినా, సగం చదివినా, మీ ఫ్రెండ్ స్వయంగా వచ్చి మార్చుకోవచ్చు. కారణం అడగను.

ప్యాక్‌కి ముందే డబ్బు కట్టినవాళ్లు ఇంకా పదకొండు మంది ఉన్నారు. మీకు ఈ వారంలో నేనే ఫోన్ చేస్తాను. డబ్బు వాపసు కావాలంటే అదే రోజు పంపేస్తాను. పుస్తకమే కావాలంటే మీ ఫ్రెండ్ గురించి కాస్త ఆలోచించి పెట్టుకోండి. సోమవారం షాపు సెలవు, మిగతా రోజుల్లో రాత్రి ఎనిమిదిన్నర దాకా ఉంటాను.