బుడగల్లో ఏముంది? విద్యాశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన విద్యాశాఖ మంత్రి గారికి నమస్కారం.

నేను ఒక బీఈడీ కళాశాలలో భౌతిక, రసాయన శాస్త్రాల బోధన పద్ధతులు చెబుతాను. ఏటా కొత్త బ్యాచ్ రాగానే బీకరులో నీళ్లు మరిగించి, పైకి లేచే ఆ పెద్ద బుడగల్లో ఏముందని అడుగుతాను. కొందరు గాలి అంటారు. మరికొందరు హైడ్రోజన్, ఆక్సిజన్ అంటారు, అదీ ధీమాగా. అందరూ డిగ్రీ చదివినవాళ్లే. ఉన్నది నీటి ఆవిరేనని, మరిగినంత మాత్రాన నీటి అణువు విడిపోదని చెప్పేవారు తక్కువ. మోల్ అంటే 6.022 × 10²³ కణాలు అని మాత్రం గుక్కతిప్పుకోకుండా అప్పజెబుతారు. 18 గ్రాముల నీళ్లు, అంటే ఒక మోల్ నీళ్లు, అరచేతిలో పోసి ఇందులో ఎన్ని అణువులంటే మౌనం.

ఈసారి గోడలకు వెల్ల వేసే పొడి సున్నం గడ్డలు పట్టుకెళ్లాను. నీళ్లు చల్లగానే బుసబుసమని పొంగి, గిన్నె ముట్టుకోలేనంత వేడెక్కింది. ఈ వేడి ఎక్కడిది?

"బంధాలు తెగితే శక్తి విడుదలవుతుంది మేడమ్" అంది ఒకమ్మాయి. తరగతంతా తలూపింది.

బంధం తెగాలంటే మనమే శక్తి పెట్టాలి. కొత్త బంధం ఏర్పడినప్పుడు శక్తి బయటికి వస్తుంది. పెట్టినదానికంటే వచ్చింది ఎక్కువైతే గిన్నె కాలుతుంది. ఇదంతా చెప్పాక ఆ అమ్మాయి నావంక అనుమానంగా చూసి, "ఇంటర్లో నేను చెప్పినట్లే రాశాను, మార్కులు వేశారు" అంది. ఏటీపీలో, అంటే కణాలకు శక్తినిచ్చే అణువులో, బంధం తెగితే శక్తి వస్తుందని జీవశాస్త్రంలో విన్న ముక్క ఇంతదాకా వెంట వచ్చింది. ఆమెను ఏమనగలను? రేపు పదో తరగతికి ఆ ముక్కే చెబుతుంది.

మేం దిద్దేది పాఠ్యపథకాల రికార్డులు, చార్టులు. అంచులకు రంగు గీతలు లేవని వెనక్కి పంపిన రోజులు నాకూ ఉన్నాయి, సిగ్గుగానే ఒప్పుకుంటున్నాను. లోపల రాసిన రసాయన శాస్త్రం తప్పైనా రికార్డు మీద సంతకం పడిపోతుంది.

2015లో బీఈడీని రెండేళ్లు చేశారు. 2030 నాటికి డిగ్రీ, బీఈడీ కలిసిన నాలుగేళ్ల సమీకృత కోర్సే ఉపాధ్యాయులకు కనీస అర్హత కావాలని 2020 జాతీయ విద్యా విధానం అంటోంది. నేను అడిగేది అంత పెద్దది కాదు. ఛాత్రోపాధ్యాయులను, అంటే మా బీఈడీ విద్యార్థులను, బడులకు పంపే ముందు ఒక నెల ప్రయోగశాలలో కూర్చోబెట్టి, మార్కుల భయం లేకుండా ఇలాంటి ప్రశ్నలు అడగనివ్వండి. చివరి ప్రాక్టికల్ పరీక్షలో రికార్డు పక్కన పెట్టించి, ఒక్క భావనైనా సొంత మాటల్లో చెప్పించండి.

మీరు ఎప్పుడైనా మా తరగతికి వస్తే చూపిస్తాను. సున్నం నేనే తెస్తాను.

ఇట్లు,
ఒక బీఈడీ అధ్యాపకురాలు