చెకుముకి కొండల నుంచి నీకొక ఉత్తరం

ప్రియమైన మిత్రమా,

నీ ఉత్తరం అంది మూడు వారాలైనా జవాబు వ్రాయకపోవడానికి బద్ధకం ఒక్కటే కారణం కాదు. ఫ్లింట్ హిల్స్ చూసి వచ్చి ఆ సంగతులతోనే మొదలుపెడదామని ఆగాను. గడ్డి చూడడానికి రెండు గంటలు కారు నడిపావా అని నీవు నవ్వుతావు. మా ఇంట్లో ఆ నవ్వు ముందే అయిపోయింది.

కాన్సస్ రాష్ట్రంలోని ఈ ప్రాంతం పేరుకు అర్థం చెకుముకి కొండలని. నల్లమలను ఎరిగిన మన కళ్ళకు అవి మిట్టలు మాత్రమే. బేతంచెర్ల నాపరాళ్ళ మధ్య పెరిగినవాడివి కనుక నీకు ఇట్టే అర్థమవుతుంది: పలుచని మట్టి కింద సున్నపురాయి, ఆ పొరల నిండా చెకుముకి గడ్డలు. వలస వచ్చిన రైతుల నాగలి ఇక్కడ దిగలేదు. ఒకప్పుడు ఉత్తర అమెరికా నడుమ 17 కోట్ల ఎకరాల్లో పెరిగిన పొడవు గడ్డి, మట్టి లోతుగా ఉన్న చోటల్లా చేలకు బలి కాగా, నేడు నూటికి నాలుగు పాళ్ళు కూడా మిగలలేదు. ఆ మిగిలినదానిలో అధికభాగం ఈ రాళ్ళ పుణ్యమే.

స్ట్రాంగ్ సిటీ పక్కన 1996లో ఏర్పడిన టాల్‌గ్రాస్ ప్రెయిరీ (పొడవు గడ్డి మైదానం) జాతీయ సంరక్షణ ప్రదేశం దాదాపు 11 వేల ఎకరాలు. అక్టోబరు కావడంతో వాగు పక్క పల్లంలో బిగ్ బ్లూస్టెమ్ గడ్డి రాగి రంగు తిరిగి, నా తలను దాటి ఊగుతున్నది. దాని కంకి మూడు పాయలుగా చీలి అచ్చం కోడి పాదంలా ఉంటుంది. 2009లో ఇక్కడ 13 బైసన్లను, అంటే అమెరికా అడవిదున్నలను, తెచ్చి వదిలారు. కాలిబాట వాటి మేతబీడు గుండానే పోతుంది. దూరంగా ఉండమని వ్రాసిన బోర్డు చెప్పినదానికి రెట్టింపు దూరంలో నేను నిలబడ్డానని నీకు వేరే చెప్పనక్కరలేదు. వసంతకాలంలో పశువుల యజమానులు బీళ్ళకు నిప్పు పెడతారు. వేళ్ళు లోతున భద్రంగా ఉండడంతో గడ్డి మళ్ళీ చిగురిస్తుంది, బీడును కమ్ముకోబోయే సెడారు మొక్కలు మాత్రం కాలిపోతాయి.

దున్నడానికి అడ్డుపడిన రాయే కట్టడానికి పనికి వచ్చింది. 1881 నాటి పశువుల కామందు ఇల్లు, మూడంతస్తుల కొట్టం, మైళ్ళ కొద్దీ ప్రహరీలు, అన్నీ ఆ సున్నపురాయే. కాటన్‌వుడ్ ఫాల్స్‌లో ఎర్రని పైకప్పుతో నిలిచిన న్యాయస్థాన భవనం 1873లో పూర్తయింది, నేటికీ వాడుకలో ఉంది. ఈ రాష్ట్రానికి పేరిచ్చిన ఆదివాసులైన కా జాతివారిని ఇక్కడి నుంచి నేటి ఓక్లహోమాకు తరలించినది కూడా 1873లోనే. ఆ రెండు అంకెలు పక్కపక్కన తోచిన తరువాత ఆ భవనం అందాన్ని మునుపటిలా చూడలేకపోయాను.

అందుకే తిరుగుదారిలో కౌన్సిల్ గ్రోవ్ వైపు మళ్ళాను. కా జాతివారు పవిత్రంగా భావించే 28 టన్నుల ఎర్రరాతిని 1929లో లారెన్స్ పట్టణానికి తరలించి, అక్కడి తొలి వలసదారుల స్మారకంగా మార్చారు. అది 2024లో కౌన్సిల్ గ్రోవ్ సమీపంలో కా జాతివారి సొంత భూమికి తిరిగి చేరింది. దాని ముందు చాలాసేపు ఊరకే నిలబడ్డాను.

నీవు వచ్చేది ఏప్రిల్‌లో అయితే ముందుగా వ్రాయి. అప్పుడు ప్రెయిరీ కోళ్ళు మెడ తిత్తులు ఉబ్బించి ఆడతాయట. రోళ్ళపాడులో బట్టమేక పిట్ట కోసం ఎండలో తిరిగి, చూడకుండానే వెనక్కి వచ్చిన మనకు ఇదైనా దక్కవచ్చు. కాకపోతే తెల్లవారకముందే లేవాలి. అది నీ వల్ల అవుతుందా?

ఇట్లు,
నీ మిత్రుడు